థీసిస్ బైండింగ్ షాపులో అందరూ అడిగే ప్రశ్నలు: తిరుపతి చుట్టుపక్కల చదువులు, పరిశోధనలు

తిరుపతిలో యూనివర్సిటీ రోడ్డు పక్క సందులో నాకు డీటీపీ, జిరాక్స్, థీసిస్ బైండింగ్ షాపు ఉంది, పెట్టి 22 ఏళ్ళయింది. నేను డిగ్రీతో ఆపేశాను గానీ ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా పోయిన థీసిస్‌లు, అంటే పీహెచ్‌డీ కోసం రాసే పుస్తకాలు, బాటనీ నుంచి వ్యాకరణం దాకా అన్నీ ఉన్నాయి, టైప్ చేసేటప్పుడు చదవక తప్పదు, చదివాక అడగకుండా ఉండలేను, అట్లా ఆ పిల్లలే నాకు చాలా నేర్పించారు. షాపుకొచ్చే తల్లిదండ్రులు, ఇంటర్ పిల్లలు, కొత్తగా చేరిన స్కాలర్లు మళ్ళీ మళ్ళీ అవే అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

అన్నా, పీహెచ్‌డీ అంటే అసలు ఏం చేస్తారు? ఇంకో డిగ్రీనే కదా?

డిగ్రీలో ఎవరో కనుక్కున్నది మనం చదువుతాం. పీహెచ్‌డీలో ఇంతవరకు ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకుని దాని వెంట పడాల. ప్రశ్న ఎంత చిన్నదైనా పర్లేదు, జవాబు మాత్రం కొత్తది అయ్యుండాల, ఎట్ల కనుక్కున్నావో రుజువు చూపించాల. అందుకే థీసిస్‌లో సగం పేజీలు "నేను ఇట్లా చేశాను" అని చెప్పడానికే పోతాయి, కొత్తగా చూసేవాళ్ళకి అది బోర్ కొడుతుంది గానీ నా మటుకు నాకు ఆ చాప్టరే ఇష్టం, ఎందుకంటే మనిషి ఎంత తిరిగాడో ఎన్నిసార్లు తప్పి మళ్ళీ మొదలుపెట్టాడో అందులోనే కనపడుతుంది.

యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2022 రూల్స్ ప్రకారం పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ 3 ఏళ్ళు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్ళు, మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో 2 ఏళ్ళు ఇస్తారు. నాలుగేళ్ళ డిగ్రీ 75 శాతంతో పాసైతే పీజీ లేకుండానే నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేసుకోవచ్చు, ఇది చాలామందికి ఇంకా తెలీదు.

ఆర్ట్స్ చదివితే లాభం లేదంటారు, సైన్స్ అయితేనే నిజమైన రీసెర్చ్ అంటారు. నిజమేనా?

ఈ మాట నా షాపులో వారానికి నాలుగుసార్లు వింటాను, విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఎందుకో ఒక ఉదాహరణతో చెప్తా.

తిరుమల గుడి గోడల మీద, తిరుపతి గుళ్ళ గోడల మీద, తిరుచానూరులో, అన్నీ కలిపితే వెయ్యికి పైగా శాసనాలు ఉన్నాయి. చాలావరకు తమిళం, ఆ తర్వాత తెలుగు, కన్నడం, సంస్కృతం. మనం క్యూలో నిలబడి ఆ గోడకి ఆనుకుని పోతాం, అదొక అకౌంట్ పుస్తకం అని మనకి తెలీదు. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి గారని దేవస్థానంలో శాసనాలు చూసే పండితుడు ఉండేవాళ్ళు, ఆయన వీటిని ఒక్కొక్కటిగా చదివి రిపోర్ట్ తయారు చేస్తే 1930లో అచ్చయింది. అందులో ఏముంటుందంటే ఫలానా భక్తుడు ఇన్ని పణాలు (అప్పటి నాణేలు) ఇచ్చాడు, ఆ డబ్బుతో గుడికి చెందిన ఫలానా ఊళ్ళో చెరువు బాగుచేసి కాలువ తవ్వాల, దానివల్ల ఎక్కువ పండిన పంటలోంచి స్వామికి రోజూ ఇంత నైవేద్యం పెట్టాల, ఆ ప్రసాదంలో ఇచ్చినోడి వాటా ఇంత. అంటే గుడి అప్పట్లోనే డబ్బుని నీళ్ళలో పెట్టుబడి పెట్టి పంట తీసిందన్నమాట! బర్టన్ స్టైన్ అనే అమెరికా చరిత్రకారుడు షికాగో యూనివర్సిటీలో చేసిన పీహెచ్‌డీ ఈ తిరుపతి శాసనాల మీదే, గుడిని ఒక ఆర్థిక సంస్థగా చూసి రాశాడు.

ఇప్పుడు చెప్పండి, అది చరిత్రా, ఎకనామిక్సా, ఇరిగేషనా, తమిళ భాషా? గోడ మీది అక్షరం చదవగలిగిన మనిషి లేకపోతే ఆ చెరువుల సంగతి ఇంజినీర్‌కి ఎట్లా తెలుస్తుంది?

ఇంకొకటి. శాసనం అచ్చు తీయడం ఎప్పుడైనా చూశారా? ఒకసారి ఆర్కియాలజీ పిల్లలతో పాటు పోయి దగ్గరుండి చూశాను. ముందు రాయిని బ్రష్‌తో శుభ్రంగా కడుగుతారు, తడిపిన కాగితం దాని మీద పరుస్తారు, గట్టి కుచ్చుల బ్రష్‌తో టపటపా కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగిపోతుంది, కాస్త ఆరాక గుడ్డ ఉండకి నల్ల ఇంకు అద్ది పైపైన తడతారు. గుంటల్లోకి ఇంకు పోదు కాబట్టి నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి. అప్పటిదాకా రాయి మీద గీతలుగా కనపడినవి ఒక్కసారిగా మాటలయ్యాయి, నాకు ఒళ్ళు జలదరించింది. ల్యాబ్‌లో రిజల్ట్ వచ్చినప్పుడు సైన్స్ పిల్లలు చెప్పేదీ ఇదే ఫీలింగు.

తిరుపతిలో ఏ చదువు యాడ ఉంది? మా పాపకి ఏమీ తెలీదు, ఒక లిస్టు చెప్పండి సామీ.

లిస్టంటే పెద్దది, ముఖ్యమైనవి చెప్తా. ఎస్వీ యూనివర్సిటీ 1954లో పెట్టారు, ఆర్ట్స్ సైన్స్ రెండూ ఒకే కాంపౌండులో ఉంటాయి, అదే దాని బలం. ఆడపిల్లలకి పద్మావతి మహిళా యూనివర్సిటీ, 1983 నుంచి ఉంది. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం 1961లో విద్యాపీఠంగా మొదలై 2020లో సెంట్రల్ యూనివర్సిటీ అయ్యింది, అక్కడ ఇంటర్‌ని ప్రాక్ శాస్త్రి అంటారు, బీఏ అంటే శాస్త్రి, ఎంఏ అంటే ఆచార్య, పీహెచ్‌డీ అంటే విద్యావారిధి. వ్యాకరణం, న్యాయం, జ్యోతిషం, ఆగమం ఇట్లా ఒక్కో శాస్త్రానికి విడిగా చదువుంది. ఐఐటీ, సైన్స్ చదువుకీ పరిశోధనకీ పెట్టిన ఐసర్ రెండూ 2015లో వచ్చాయి, రెండూ ఏర్పేడు వైపే. వెటర్నరీ, అగ్రికల్చర్ కాలేజీలు పాతవి. వేద విశ్వవిద్యాలయం ఉంది, సంగీత నృత్య కాలేజీ ఉంది, రాతి శిల్పం చెక్క శిల్పం నేర్పే శిల్ప కళాశాల ఉంది, డాక్టర్లకి స్విమ్స్ ఉంది.

ఒక ఊరికి ఇన్ని ఉండటం మామూలు విషయం కాదు, పిల్లల్ని హైదరాబాద్, చెన్నై పంపే ముందు ఒకసారి ఇక్కడే తిప్పి చూపించండి.

తాళపత్రాలు చదవడం ఒక సబ్జెక్టేనా? ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

చేస్తున్నారు, ఇంకా ఎక్కువమంది చేయాల. ఎస్వీ యూనివర్సిటీలో ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది, దాన్ని 1939లో దేవస్థానం మొదలుపెట్టింది, 1956లో యూనివర్సిటీ కిందకి వచ్చింది. తాళపత్రాలు, పాత కాగితం ప్రతులు అక్కడ భద్రంగా ఉన్నాయి.

తాటాకు మీద ఇంకుతో రాయరు, గంటంతో గీస్తారు. గీసినప్పుడు ఏమీ కనపడదు, పైన కాటుకో మసో రుద్ది తుడిస్తే నలుపు గీతల్లో నిలబడిపోతుంది, అప్పుడే అక్షరం తెలుస్తుంది. ఆకు ఎండి పెళుసైపోతే నిమ్మగడ్డి నూనె రాస్తారు, మెత్తబడుతుంది, పురుగు కూడా దూరంగా ఉంటుంది. చదవడం ఎందుకు కష్టమంటే మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు, కామా ఫుల్‌స్టాప్ ఉండవు, రెండు కొనల దాకా అక్షరాలు వరసగా పోతానే ఉంటాయి. ఎ కి ఏ కి తేడా చూపించని ప్రతులు ఉంటాయి. "కర్మ" అనే మాటలో ర్ ని వలపల గిలకగా అక్షరం తర్వాత పెడతారు, తెలియనోడు చదివితే ఇంకో మాట అవుతుంది. పైగా ఒకే కావ్యానికి నాలుగు ఊళ్ళలో నాలుగు ప్రతులు దొరుకుతాయి, నాలుగింటిలో నాలుగు రకాలుగా ఉంటుంది, అందులో ఏది కవి రాసింది ఏది నకలు రాసిన రాయసగాడి చేతి పొరపాటు అని తేల్చడమే పరిష్కరణ. ఇది డిటెక్టివ్ పనికి ఏమాత్రం తీసిపోదు.

ఒక పాప ఆరు నెలలు ఒక్క పద్యంలో ఒక్క మాట కోసం తిరిగింది. చివరికి ఆ మాట మా అవ్వ రోజూ వాడే మాటే, కుండ మూతి చుట్టూ కట్టే గుడ్డ పేరు! షాపులో టైప్ చేస్తుంటే నేనే చెప్పా. ఆ పాప ఫుట్‌నోట్‌లో మా అవ్వ పేరు పెట్టింది, ఆ పేజీ జిరాక్స్ ఇంట్లో దేవుడి పటం పక్కన ఉంది.

అన్నమయ్య మీద అందరూ చేసేశారు కదా, ఇంకేం మిగిలింది?

చాలా మిగిలింది. అన్నమయ్య కీర్తనలు రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో హుండీకి ఎదురుగా ఉండే చిన్న అరలో, సంకీర్తన భండారంలో దాచారు, 1922లో అవి మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. రెండు వేలకు పైగా రేకులు. వేటూరి ప్రభాకర శాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారు వాటి మీద ఎన్నేళ్ళు కూర్చున్నారో, వాళ్ళ వల్లే ఈరోజు మనం పాడుకుంటున్నాం. సంప్రదాయంలో 32 వేల కీర్తనలు అంటారు, దొరికినవి అందులో సగం కూడా లేవు.

మొదటి రేకు మీద ఆయనకి 16వ ఏట స్వామి సాక్షాత్కారం అయ్యిందనీ, శక సంవత్సరాలతో సహా ఎప్పటినుంచి ఎప్పటిదాకా పాటలు చెప్పారనీ రాసి ఉంది, దాన్నిబట్టే 1424 నుంచి 1503 దాకా అని లెక్క తేలింది. పాట పైన రాగం పేరు ఉంటుంది గానీ తాళం ఉండదు, స్వరాలు ఉండవు. అంటే ఈరోజు మనం వినే ట్యూన్లు చాలావరకు మన కాలం వాళ్ళు కట్టినవే. మరి ఆ కాలంలో ఆ రాగం ఎట్లా పాడేవాళ్ళు? సంగీతం వాళ్ళకి అది పెద్ద ప్రశ్న. తెలుగు వాళ్ళకి వేరే ప్రశ్న, ఆ పాటల్లో ఈ సీమ మాటలు, వంటల పేర్లు, చేతివృత్తులు, పిల్లల ఆటలు ఎన్ని ఉన్నాయో చూడండి, ఒక్కో మాటకీ ఒక చాప్టర్ రాయొచ్చు. చరిత్ర వాళ్ళు అప్పటి రాజుల సంగతి వెతుకుతారు, స్త్రీల మీద పనిచేసేవాళ్ళకి ఆయన భార్య తిమ్మక్క ఉంది, ఆమె కూడా కవయిత్రి. మెటలర్జీ పిల్లలు ఆ రాగి గురించి అడగొచ్చు. అయిపోయింది అనే మాట ఏ సబ్జెక్టులోనూ నమ్మొద్దు.

గాదంకిలో ఆ రాడార్ ఏం చేస్తుంది? మిలిటరీదా?

కాదండీ, అది గాలిని చదివే రాడార్. చిత్తూరు పోయే దోవలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, ఎన్ఏఆర్ఎల్ అంటారు, కేంద్ర అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది. 1992లో ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై 2005లో ఈ పేరొచ్చింది. నాలుగెకరాల పైచిలుకు మైదానంలో 1024 యాంటెన్నాలు, 32 వరసలు, వరసకి 32. వాటిని యాగీ యాంటెన్నాలు అంటారు, మీకు బాగా తెలిసినవే, దూరదర్శన్ రోజుల్లో ప్రతి మిద్దె మీదా చేప ముల్లులాగా ఉండేది చూడండి, ఆ జాతివే. ఒక ఫిజిక్స్ అబ్బాయి ఈ మాట చెప్పినప్పుడు నాకు భలే అనిపించింది, ఎందుకంటే చిన్నప్పుడు మా మిద్దె మీద దాన్ని తిప్పే డ్యూటీ నాదే.

అది 53 మెగాహెర్ట్జ్‌లో తరంగాల్ని ఆకాశంలోకి పంపిస్తుంది, ఆ అల పొడవు సుమారు 5.66 మీటర్లు. పైన గాలిలో కంటికి కనపడని సుడులు ఉంటాయి, అందులో అల పొడవులో సగం, అంటే 2.8 మీటర్ల సైజు ఉన్న సుడులు ఆ తరంగాన్ని కొంచెం వెనక్కి కొడతాయి. ఎంత కొంచెమంటే దాన్ని పట్టుకోడానికే అంత పెద్ద మైదానం కావాల్సొచ్చింది. ఆ ప్రతిధ్వనిని బట్టి ఎంత ఎత్తులో గాలి ఎటు పోతోంది, ఎంత స్పీడు, పైకి లేస్తోందా కిందకి దిగుతోందా అన్నీ లెక్కగడతారు. రాత్రిపూట లైడార్ అని ఆకుపచ్చ లేజర్ కూడా పైకి వేస్తారు.

గాదంకే ఎందుకంటే, చుట్టూ కొండలు ఉండటంతో బయటి రేడియో గోల తక్కువ, పైగా మనం భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం, రుతుపవనాల గాలి లోతు తెలుసుకోవాలంటే ఇట్లాంటి చోటే కావాల. అక్కడ ఫిజిక్స్ వాళ్ళే కాదు, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్, మ్యాథ్స్ పిల్లలు కూడా చేస్తారు.

శ్రీహరికోట మన జిల్లాలోకే వచ్చింది కదా, రాకెట్ రీసెర్చ్ అక్కడ చేయొచ్చా?

2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలోనే ఉంది. కానీ అది ప్రధానంగా ప్రయోగ కేంద్రం. ఇస్రోలో పనిచేయాలని ఉంటే రాకెట్ ఒక్కటే అనుకోవద్దు, కెమిస్ట్రీ, మెటీరియల్స్, వాతావరణం అన్నిటికీ అక్కడ పని ఉంది. పక్కనే పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం ఉన్నాయి, రాకెట్ చూడ్డానికి పోయిన జువాలజీ పాప ఒకామె కొంగలు చూసి అక్కడే టాపిక్ తీసుకుంది.

కొండ మీద రాళ్ళ గురించి చదువుతారంట, ఏముంది రాళ్ళలో?

శిలాతోరణం చూశారు కదా, గుడికి కిలోమీటర్ దూరంలో. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, ఎవరూ చెక్కలా, వాన, గాలి చేసిన పని. అందరూ అక్కడ ఫోటో దిగుతారు. కానీ జియాలజీ వాళ్ళు నన్ను ఘాట్ రోడ్డులో ఆపి ఇంకోటి చూపించారు, అది తోరణం కంటే పెద్ద విషయం. రోడ్డు పక్కన కొండ కోసిన చోట కింద ఒక రకం రాయి, గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా ఇంకో రకం రాయి, క్వార్ట్‌జైట్. రెండింటికీ మధ్య ఒక గీత ఉంటుంది. ఆ గీత దగ్గర 80 కోట్ల ఏళ్ళ కాలం కనపడకుండా పోయిందని జియలాజికల్ సర్వే వాళ్ళ లెక్క. అంటే కింది రాయి ఏర్పడి, అరిగి, మళ్ళీ దాని మీద సముద్రపు ఇసుక చేరి రాయిగా గట్టిపడే లోపల అంత కాలం గడిచింది. దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. ఆ గీత మీద చెయ్యి పెడితే బొటనవేలు ఒక కాలంలో, చూపుడువేలు ఇంకో కాలంలో ఉన్నట్టే. బస్సులో నిద్రపోతూ దాటిపోతాం మనం.

శేషాచలం అడవిలో రీసెర్చ్‌కి పర్మిషన్ కావాలా? నేరుగా పోవచ్చా?

నేరుగా పోవద్దు, గట్టిగా చెప్తున్నా. ఎర్రచందనం కోసం అక్కడ ఎంత నిఘా ఉంటుందో మీకు తెలుసు, ఆకు కోసం పోయినా అనుమానిస్తారు. మీ గైడ్ ద్వారా అటవీ శాఖకి రాతపూర్వకంగా అప్లై చేసి, పర్మిషన్ లెటర్ చేతిలో పెట్టుకుని గార్డుతో పాటే పోవాల. లెటర్ రావడానికి టైం పడుతుంది కాబట్టి మొదటి సంవత్సరమే మొదలుపెట్టండి. ఒక అబ్బాయి చివరి ఏడాది దాకా ఆగాడు, లెటర్ వచ్చేసరికి పూత కాలం అయిపోయింది, ఒక్క పువ్వు కోసం ఇంకో సంవత్సరం ఆగాల్సొచ్చింది.

ఆ కొండల్లో ఉండేవి చూస్తే మాత్రం ఎంత తిరిగినా తనివి తీరదు. సైకస్ బెడ్డోమై అనే చెట్టు ఈ కొండల్లోనే పెరుగుతుంది. బంగారు బల్లి ఉంది, పసుపు పూసినట్టు మెరుస్తుంది, నీటి వాగుల దగ్గర రాళ్ళ సందుల్లో ఉంటుంది, రాత్రిపూట దాని అరుపు పెద్దగా వినపడుతుంది. దేవాంగపిల్లి ఉంది, గుప్పెడంత ఒళ్ళు, ముఖమంతా కళ్ళే. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్ చేశారు. తలకోన పోయి జలపాతం కింద స్నానం చేసి వచ్చేయకుండా చుట్టూ ఉన్న తీగల్ని ఒకసారి చూడండి.

కలంకారీ, శిల్పం ఇవి కళలు కదా, వీటిలో పరిశోధన ఏముంటుంది?

శ్రీకాళహస్తి కలంకారీ చేసేవాళ్ళింట్లో ఒక పూట కూర్చోండి, అది సగం కెమిస్ట్రీ అని మీకే తెలుస్తుంది. నూలు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి రంగు పాకిపోకుండా గీసిన చోటే నిలబడుతుంది. నల్ల రంగు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్ని కసిమి అంటారు. కసిమి చూస్తే పల్చటి నీళ్ళలాగే ఉంటుంది. వెదురు కలానికి గుడ్డ చుట్టి, దారంతో కట్టి, కసిమిలో ముంచి ఆ గుడ్డ మీద గీత గీస్తే మీ కళ్ళముందే నల్లబడుతుంది! కరక్కాయలో ఉండే టానిన్, ఇనుము కలిసి అక్కడికక్కడే నలుపు పుడుతుంది. ఎరుపు కావాలంటే ముందు పటిక నీళ్ళు పూయాల, పటిక ఉన్న చోటే ఎరుపు పడుతుంది, మధ్యలో ఎన్నిసార్లు పారే నీళ్ళలో ఉతుకుతారో లెక్కే లేదు, అందుకే ఆ పని స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది. నది ఎండిపోతే రంగు ఏమవుతుంది అనేది ఇంకో థీసిస్.

1950లలో చేతివృత్తుల కోసం పనిచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ గారు పూనుకోకపోయుంటే ఈ విద్య చాలావరకు పోయేదే, అప్పట్లో శ్రీకాళహస్తిలో ట్రైనింగ్ సెంటర్ పెట్టించారు. ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

శిల్పానికొస్తే గుడిమల్లం పోండి, ఏర్పేడు దగ్గరే. అయిదడుగుల లింగం, దాని మీద యక్షుడి భుజాలెక్కి నిలబడిన శివుడు, చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో గిన్నె, భుజం మీద గొడ్డలి. క్రీస్తుపూర్వం రెండు మూడు శతాబ్దాలదని కొందరు, కాదు తర్వాతదని కొందరు వాదిస్తూనే ఉన్నారు. 1973లో ఆర్కియాలజీ వాళ్ళు తవ్వి చూశారు. రోజూ పూజ జరిగే గుడి అది, పూజారి హారతి ఇస్తుంటే ఆ రాతి మీద ధోవతి మడతల్ని చూడండి, ఎంత పల్చగా చెక్కాడో.

వ్యవసాయం, పశువులు? అవి పరిశోధన కిందకి వస్తాయా?

రాకపోతే ఇంకేమొస్తాయి! మన రైతులు వేసిన నారాయణి, ధరణి వేరుశనగ విత్తనాలు తిరుపతి పరిశోధన కేంద్రంలో తయారైనవే. పుంగనూరు ఆవు సంగతి అందరికీ తెలుసు, మన నడుము దాకా వచ్చే పొట్టి ఆవు, ఆ జాతి పూర్తిగా పోకుండా పలమనేరులో పశు పరిశోధన కేంద్రం కాపాడుతూ వచ్చింది.

మా వాడు ఎంపీసీ చదివి ఇప్పుడు హిస్టరీ అంటున్నాడు. ఏం చేయాల?

చేయనీండి. చాలా యూనివర్సిటీల్లో ఎంఏ హిస్టరీకి ఏ డిగ్రీ అయినా చాలు, ప్రాస్పెక్టస్‌లో ఒకసారి చూసుకోండి. లెక్కలు వచ్చినోడు హిస్టరీకి పోతే నష్టం లేదు, నాణేల బరువులు, శాసనాల తేదీలు, పంచాంగం లెక్కలు అన్నిటికీ లెక్కలే కావాల.

మన చిత్తూరు దగ్గర కట్టమంచి రామలింగారెడ్డి గారినే తీసుకోండి, 1880లో పుట్టారు, కేంబ్రిడ్జిలో చరిత్ర చదివారు, తెలుగులో కవి, సాహిత్య విమర్శకుడు, అర్థశాస్త్రం మీద కూడా తెలుగులో రాశారు, ఆంధ్రా యూనివర్సిటీకి మొట్టమొదటి వైస్ ఛాన్సలర్. ఆయన్ని నువ్వు ఏ గ్రూపయ్యా అని ఎవరడుగుతారు? మదనపల్లెలో 1919లో థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు టాగూర్ జనగణమన ఇంగ్లీషు అనువాదం అక్కడే చేశారు, ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసుకున్నారు. ఆ కాలేజీలో సైన్స్ పిల్లలు, ఆర్ట్స్ పిల్లలు అంతా కలిసే ఆ పాట విన్నారు.

డబ్బులు యాడ నుంచి వస్తాయి? అన్నేళ్ళు ఎవరు పోషిస్తారు?

ఇది న్యాయమైన ప్రశ్న, మొహమాటం లేకుండా అడగండి. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి 2 ఏళ్ళు నెలకి 37,000, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000, 2023 నుంచి ఈ రేటు, ఇంటద్దె అలవెన్స్ వేరే. సైన్స్ వాళ్ళకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, మిగతావాళ్ళకి యూజీసీ నెట్, అందులో తెలుగు, సంస్కృతం, సంగీతం, ఫోక్‌లోర్ దాకా ఎనభైకి పైగా సబ్జెక్టులు ఉన్నాయి. గమనించండి, తెలుగులో జేఆర్ఎఫ్ తెచ్చుకున్న పాపకీ ఫిజిక్స్‌లో తెచ్చుకున్న అబ్బాయికీ ఒకటే డబ్బు. ఇంటర్‌లో టాప్ 1 శాతంలో ఉండి బేసిక్ సైన్స్ డిగ్రీలో చేరితే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000.

కష్టం కూడా చెప్పాల. డబ్బు నెలనెలా రాదు, ఒక్కోసారి నెలల తరబడి ఆగి ఒకేసారి పడుతుంది. ఫెలోషిప్ లేనివాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం, నా షాపులోనే పార్ట్‌టైం టైపింగ్ చేసి థీసిస్ పూర్తి చేసినవాళ్ళు ముగ్గురున్నారు. ముందే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి.

పెళ్ళయ్యాక అమ్మాయి పీహెచ్‌డీ చేయగలదా?

రూల్ ప్రకారం ఆడవాళ్ళకి ఇంకో 2 ఏళ్ళు ఎక్కువ ఇస్తారు, బిడ్డ పుడితే 240 రోజుల దాకా సెలవు తీసుకోవచ్చు. ఈ రెండు రూల్స్ చాలా ఇళ్ళల్లో తెలీక మధ్యలో మాన్పించేస్తారు. చంకలో బిడ్డని ఎత్తుకొచ్చి ప్రూఫ్ చూసుకున్న తల్లులు ఎందరో నా కళ్ళముందు డాక్టరేట్ తీసుకున్నారు, బిడ్డని మా ఆవిడ ఆడించేది.

తెలుగులో థీసిస్ రాస్తే విలువ ఉంటుందా?

ఉంటుంది. డిగ్రీలో తేడా లేదు. టైపింగ్ విషయంలో మాత్రం ఒక్క మాట వినండి, మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవడానికి వీలయ్యే అక్షరాల పద్ధతిలో కొట్టండి. పాత ఫాంట్లలో కొట్టిన ఫైలు మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, అరసున్నాలు పోతాయి, క్షకి బదులు ఇంకేదో వస్తుంది, 300 పేజీలు మళ్ళీ అక్షరం అక్షరం చూసుకోవాల. యూనికోడ్‌లో ఉంటే శోధగంగలో పెట్టాక మీ మాటని ఎవరైనా వెతికి పట్టుకోగలరు. శోధగంగ అంటే మన దేశంలో థీసిస్‌లు పెట్టే సైట్, లక్షల్లో ఉన్నాయి, ఫ్రీగా చదువుకోవచ్చు. టాపిక్ ఎంచుకునే ముందు అందులో ఒక వారం గడపండి.

అన్నా, మీరే రాసి పెడతారా? ఎంతైనా ఇస్తాం.

రాయను. టైప్ చేస్తా, బొమ్మలు సర్దుతా, బైండ్ చేస్తా, అంతే. ఇంకొకరి రాతని తెచ్చి మీ పేరు పెట్టమన్నా పెట్టను. 2018 యూజీసీ రూల్స్ ప్రకారం ఇంకొకరి రాతతో పోలిక 10 శాతం దాటితే సరిచేసి మళ్ళీ ఇవ్వమంటారు, 40 దాటితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆ పక్కన టేబుల్ మీద నాలుగేళ్ళు కష్టపడి రాసిన పాప కూర్చుని ఉంటుంది, ఆమె ముందు ఈ బేరం మాట్లాడటానికి నాకు మనసొప్పదు.

యూనివర్సిటీలో చేరకుండా పరిశోధన చేయకూడదా?

చేయొచ్చు. మీ ఊరి గుడి మీద అక్షరాలుంటే ఫోటో తీసి ఆర్కియాలజీ డిపార్ట్‌మెంట్‌లో చూపించండి, గోడకి సున్నం మాత్రం కొట్టనివ్వద్దు. ఇంటి దగ్గర వచ్చే పక్షుల్ని తేదీతో సహా రాసిపెట్టండి, ఈబర్డ్ అనే పక్షుల సైట్‌లో వేస్తే శాస్త్రవేత్తలు వాడుకుంటారు. మీ అవ్వ పాడే దంపుళ్ళ పాట ఫోన్‌లో రికార్డ్ చేసి ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు అని రాయండి. చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకుపోండి, శుక్రవారం మాత్రం మూసి ఉంటుంది.

బైండింగ్‌కి ఎన్ని రోజులు పడుతుంది?

సినాప్సిస్ (థీసిస్ సారాంశం) స్పైరల్ అయితే ఆ పూటే. థీసిస్ రెగ్జిన్ అట్ట, గోల్డ్ ఎంబాసింగ్ అయితే రెండు రోజులు, గమ్ము పూర్తిగా ఆరాల, తొందరపెడితే వెన్ను విరుగుతుంది. వెన్ను మీద పేరు, సంవత్సరం స్పెల్లింగు మీరే వచ్చి చూసుకోండి, ఫోన్‌లో ఓకే అనొద్దు. కాపీలు గైడ్‌ని అడిగి ఎన్ని కావాలో తెలుసుకుని, దానికి ఒకటి కలిపి చేయించుకోండి. ఆ ఒకటి మీ అమ్మానాన్నలకి.